నాణెమునకు దొరకిన జాతకము
(వేదపాఠము)

పాఠ్యభాగము: దానియేలు 5వ అధ్యాయము.
తోడుగా చదువవలసినవి: యెషయా 47:12–15, యిర్మీయా 10:1–10, మత్తయి 6:25–34, అపొస్తలుల కార్యములు 16:16–19.
కంఠస్థము చేయవలసినది: కీర్తన 31:15, మొదటి భాగము.



మన దేశపు రైలు స్టేషనులలో చాల సంవత్సరములు ఒక తూనిక యంత్రము నిలిచియుండెడిది. అది మనిషి ఎత్తు ఇనుప పెట్టె. ముందు అద్దము, అద్దము వెనుక రంగురంగుల దీపములు, గిరగిర తిరుగు చక్రము. దాని పీటపై ఎక్కి, చక్రము ఆగువరకు కదలక నిలిచి, సందులో నాణెము వేయవలెను. లోపల చప్పుడై, రైలు టిక్కెట్టువంటి చిన్న అట్టచీటి ఒకటి క్రింద పడెడిది. ఆ చీటి మీద మనిషి బరువుండెను. దానితోబాటు అతని గుణమును, రాబోవు అదృష్టమును తెలుపు మాటలు ఒకటి రెండుండెను. కొన్ని చీటీల మీద సినిమా తారల బొమ్మలు కూడ ఉండెడివి. నేడు ఆ యంత్రములు అరుదైపోయినవి. గాని మనలో నడివయస్సు దాటినవారిలో దానిపై ఎక్కనివారు కొద్దిమందియే.

దానిపై నిలిచినవారు ఎవరో ఆలోచింతము. మన విజయనగరము హౌరా–చెన్నై మార్గముమీది జంక్షను. రాయపూరు పోవు లైను ఇక్కడనే చీలును. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలనుండి పనికొరకు దూరదేశము పోవువారు మూటలతో, పిల్లలతో ఇట్టి స్టేషనులలో రాత్రులు కూర్చుందురు. పోయిన చోట పని దొరకునా? ఊరిలో ముసలివారు బాగుందురా? పిల్లకు పెండ్లి కుదురునా? అప్పు తీరునా? అట్టివాడు సందులో నాణెము వేసినయెడల, నవ్వులకు వేసితినని అనవచ్చును. గాని ఆ నవ్వు క్రింద ఒక భయమున్నది. రేపటి భయమును ఎవరియొద్దకు తీసికొనిపోవుదుము? ఈ పాఠము ఆ ప్రశ్నను గూర్చినదే.

1. చీటికి రెండు మాటలు

ఆ చీటి పలికిన మాటలు రెండు: ఒకటి బరువు, ఒకటి జాతకము. ఈ రెంటికి ఎంత భేదమో చూడుడి. ఒకే మనిషి వెంటనే రెండవ నాణెము వేసి మరల ఎక్కినయెడల బరువు మారదు, జాతకము మారవచ్చును. మొదటి చీటి ధనప్రాప్తి అనిన, రెండవది విదేశయానము అనును. ఏలయనగా యంత్రము బరువును నిజముగా తూచెను. పీటక్రిందనున్న తులాదండము అతని దేహపు భారమును ఎరిగినది. అదృష్టమునైతే అది తూచలేదు. అది ముందే అచ్చువేసి పెట్టిన మాట. ఎవరు వచ్చినను, వచ్చినవానికి పడును.

మరియొకటి. ఆ జాతకపు మాటలు మిక్కిలి తరచుగా తీపిమాటలే. నీవు తెలివిగలవాడవు, నీ మంచితనమును లోకము గుర్తించును, త్వరలో శుభవార్త వినుదువు—ఇట్టివే. నాణెములమీద బ్రదుకు పెట్టె నాణెము వేయువానిని నొప్పింపదు. ఫిలిప్పీలో పుతోను అను దయ్యము పట్టిన చిన్నది సోది చెప్పినప్పుడు లాభము ఎవరికి పోయెను? ఆమెకు కాదు, ఆమె యజమానులకు. పౌలు ఆమెను విడిపించిన దినమున ఆ యజమానులు కోపించినది వారి రాబడి పోయినందుకే. సోది చెప్పు స్త్రీని, చిలుకను పట్టుకొని చెట్టుక్రింద కూర్చున్న పేదవానిని మనము హేళన చేయరాదు. వారును పొట్టకొరకే కూర్చుండిరి. గాని ఆ మాటకు వెల ఎందుకు కట్టబడెను, ఆ సొమ్ము ఎక్కడికి పోవును అని అడుగుట వివేకము.

2. రాశుల పేరుగల ఆటబల్ల

ఇట్టి యంత్రములు మన దేశముననే కాదు. అమెరికాలో చికాగో నగరమున విలియమ్స్ అను కంపెనీ 1971లో ఒక ఆటయంత్రము చేసెను. దాని పేరు జోడియాక్, అనగా రాశిచక్రము. ఈ జాతి యంత్రములను పిన్‌బాల్ అందురు. మేకులు కొట్టిన పలకమీద గోలీ దొర్లించి అంకెల గుంటలలో పడవేయు ఆట మన పిల్లలు ఎరిగినదే. పిన్‌బాల్ దానికి పెద్దన్న. కొద్దిగా వాలుగానున్న బల్ల, పైన అద్దము, స్ప్రింగు కడ్డీతో పైకి కొట్టబడు సుమారు 80 గ్రాముల ఉక్కు బంతి. బంతి తగిలిన చోట దీపము వెలుగును, గంట మ్రోగును, నిలువుపెట్టెలోని అంకెల చక్రములు తిరిగి లెక్క పెరుగును. ఆ కాలపు బల్లలలో కంప్యూటరు లేదు. అద్దము క్రింద తీగెలు, విద్యుదయస్కాంతములు, టకటకలాడు రిలేలు మాత్రమే. ఆటగాడు కోపముతో బల్లను మితిమీరి కుదిపినయెడల లోపల వ్రేలాడు చిన్న లోలకము తన చుట్టునున్న వలయమునకు తగులును. అంతటితో ఆ బంతికి ఆట ముగియును.

ఈ బల్ల మనకు రెండు సంగతులు నేర్పును. మొదటిది, రాశిచక్రము పేరు పెట్టుకొనిన ఆ బల్ల ఆటగానిని నీవు ఏ నెలలో పుట్టితివి అని అడుగదు. అది అడుగునది నాణెము ఒక్కటే. మేషమువాడు వేసినను మీనమువాడు వేసినను బంతి ఒకే వాలున దిగివచ్చును. రాశులు అక్కడ జనులను దగ్గరకు పిలుచు రంగులే గాని ఆటను నడిపించు శక్తి కావు.

రెండవది, న్యూయార్కు నగరము 1942లో ఈ ఆటను నిషేధించెను. ఇది కేవలము అదృష్టముమీది జూదమని అధికారుల వాదము. అప్పటికి బంతిని తిరిగి కొట్టు ఫ్లిప్పరులు అను రెండు చిన్న రెక్కలు లేవు. 1947లో గాట్లీబ్ కంపెనీవారి బల్లతో అవి వచ్చెను. 1976లో రోజర్ షార్ప్ అనునతడు నగరసభవారి యెదుట ఆడి, బంతి ఏ దారిన పోవునో ముందుగా చెప్పి, ఆ దారినే పోవునట్లు కొట్టి చూపెను, నిషేధము తొలగెను. చూడుడి, అధికారులు విచారించిన ప్రశ్న ఏమి? జరుగుచున్నది విధివలననా, మనిషి చేతివలననా? ఆటబల్ల విషయమున ఒక నగరము ఇంత శ్రద్ధగా విచారించెను. మన బ్రదుకు విషయమున మనము అంత శ్రద్ధ చూపుదుమా? పంట పోయిన గ్రహము, పిల్లవాడు తప్పిన గ్రహము, ఇంట జగడమైన గ్రహము అని చెప్పువాడు తన చేతిలోనున్నదానిని తానే విడిచిపెట్టుచున్నాడు. గట్టు వేయుట, పిల్లవానిని కూర్చుండబెట్టి చదివించుట, భార్యతో మృదువుగా మాటలాడుట గ్రహముల పని కాదు. అవి మనకు అప్పగింపబడినవి; వాటిని గూర్చి మనము లెక్క చెప్పవలెను.

3. రాశులు వచ్చిన త్రోవ

చికాగో బల్లకు పేరైన ఈ పన్నెండు రాశులు ఎక్కడివి? ఆకాశమార్గమును పన్నెండు సమభాగములుగా పంచి, ఒక్కొక్క భాగమునకు 30 అంశములు ఏర్పరచినవారు బబులోను జ్యోతిష్కులు. ఇది క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దపు మాట. బబులోను నుండి గ్రీకులకు, గ్రీకుల నుండి మన దేశమునకు ఆ రాశులు వచ్చెను. మన 27 నక్షత్రముల లెక్క అంతకంటె పాతది.

ఒకే మూలమునుండి వచ్చినను నేడు ఆ లెక్కలు ఏకీభవింపవు. సూర్యుడు మేషమున ప్రవేశించుట పాశ్చాత్యులకు మార్చి 21 ప్రాంతమున. మన పంచాంగములకు ఏప్రిల్ 14 ప్రాంతమున. కావున ఏప్రిల్ మొదటి దినమున పుట్టిన శిశువునకు సూర్యుడు అక్కడి లెక్కలో మేషమున, ఇక్కడి లెక్కలో మీనమున ఉన్నాడు. శిశువు ఒక్కడే, సూర్యుడు ఒక్కడే; చీటీలు మాత్రము రెండు.

రాశులు పుట్టిన ఆ బబులోను నగరముననే మన పాఠ్యభాగమందలి విందు జరిగెను.

4. బెల్షస్సరు ఎక్కిన త్రాసు

రాజైన బెల్షస్సరు వేయిమంది అధిపతులకు విందు చేసెను. యెరూషలేము దేవాలయపు పాత్రలలో ద్రాక్షారసము పోయించి, వెండి బంగారు దేవతలను స్తుతించెను. ఆటబల్లకే మితిమీరిన కుదుపునకు హద్దు ఉన్నయెడల, మనుష్యుని అతిశయమునకు దేవుడు హద్దు పెట్టడా? ఆ గడియలోనే దీపస్తంభమునకు ఎదుటనున్న గోడ పూతమీద ఒక చేతి వ్రేళ్లు వ్రాయసాగెను. రాజు ముఖము వెలవెలబోయెను, మోకాళ్లు కొట్టుకొనెను.

అప్పుడతడు ఎవరిని పిలిచెను? జ్యోతిష్యులను, కల్దీయులను, సోదె చెప్పువారిని. ఊదారంగు వస్త్రము, బంగారు హారము, రాజ్యములో మూడవ స్థానము ఇచ్చెదనని వారి యెదుట పెట్టెను. ఇది ఎంత గొప్ప నాణెమో చూడుడి. అయినను యంత్రము పలుకలేదు. భూమిమీద ఆకాశశాస్త్రము అంతగా తెలిసిన మరియొక నగరము ఆనాడు లేదు. గాని తమ రాజు గోడమీది నాలుగు మాటలు వారికి చిక్కలేదు.

తరువాత దానియేలు వచ్చెను. అతని మొదటి మాట బహుమానమును గూర్చినది. రాజు ఇయ్యదలచినవి రాజే ఉంచుకొనవలెననియు, వ్రాత అర్థమును మాత్రము తాను తెలిపెదననియు అతడు పలికెను (17వ వచనము). దేవుని మాటకు సందు లేదు, నాణెమును లేదు. వెల లేనిది కనుకనే అది మనలను మెప్పింప నక్కరలేదు.

వ్రాత ఏమి? మెనే, మెనే, టెకేల్, ఉఫార్సీన్. ఈ మాటలు ఆ కాలపు తూకముల పేర్లను తలపించునని పండితులు చూపుదురు: మినా, తులము, అరకొలత. అంగడిలోని త్రాసురాళ్ల పేర్లు రాజమందిరపు గోడమీద కనబడెను! దానియేలు చెప్పిన అర్థము మనకు తెలిసినదే: రాజ్యము లెక్కింపబడెను, రాజు తూచబడి తక్కువగా కనబడెను, రాజ్యము విభాగింపబడెను. ఆ రాత్రియే బెల్షస్సరు చంపబడెను. క్రీస్తుకు పూర్వము 539లో బబులోను పారసీకుల వశమాయెను.

సహోదరులారా, స్టేషను చీటి మీది రెండు మాటలను ఇక్కడ మరల చూడుడి. బెల్షస్సరు జాతకము వినగోరెను. దేవుడు బరువు చెప్పెను. రాజు తనకు ఏమి రానున్నదని అడిగెను. దేవుడు అతడు ఏమైయున్నాడో చూపెను. అతని దోషమునకు మూలము 23వ వచనమున ఉన్నది: అతని ఊపిరిని, అతని త్రోవలన్నిటిని చేతిలో పట్టుకొనియున్న దేవుని అతడు ఘనపరచలేదు. ఊపిరి ఎవరి చేతిలో ఉన్నదో ఆయనను విడిచి, ఊపిరి లేని నక్షత్రములను అడిగెను.

5. నక్షత్రములు శత్రువులు కావు

ఇంత చెప్పినందున ఆకాశము చెడ్డదని ఎవరును తలంపవద్దు. ఆదికాండము మొదటి అధ్యాయమున సూర్యచంద్రులు పేరుతోనైనను చెప్పబడలేదు. పెద్ద జ్యోతి, చిన్న జ్యోతి అని మాత్రమే ఉన్నది. ఇంటిలో వ్రేలాడదీసిన దీపములవలె దేవుడు వాటిని పనికి నియమించెను. దీపము వెలుగిచ్చును, దానికి మ్రొక్కము, దానికి భయపడము. కృత్తికలను, మృగశిరను నడిపించువాడు ఎవడని దేవుడు యోబును అడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరము తెలిసినవానికి నక్షత్రము సాటి సేవకురాలు.

మన తీరమున దీనికి మంచి మాదిరి కలదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతమున తన సొంత వేధశాల కట్టించెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పని సాగించి, 1874లో శుక్రగ్రహము సూర్యబింబముమీదుగా దాటుచుండగా దూరదర్శినితో చూచి లెక్కలు వ్రాసెను. వారు మన విశ్వాసులు కారు. అయినను ఆకాశమును భయముతో గాక కొలతతో చూచిరి. శుక్రుడు ఎవరి పెండ్లిని చెరుపునో వారు వ్రాయలేదు. ఏ ఘడియకు ఎక్కడ ఉన్నాడో వ్రాసిరి. అది బరువు వంటి మాట. ఎవరు మరల కొలిచినను నిలుచును.

జాతకపు మాట ఎట్లు నిలిచెనో 1962 చూపినది. ఆ సంవత్సరము ఫిబ్రవరి 3 మొదలు 5 వరకు మకరరాశిలో ఎనిమిది గ్రహములు కూడునని, లోకమునకు ప్రళయమని దేశమంతట భీతి పుట్టెను. అష్టగ్రహకూటమి అను మాట పెద్దలకు ఇంకను జ్ఞాపకమే. హోమములు జరిగెను, అనేకులు ప్రయాణములు మానుకొనిరి. గ్రహములు కూడెను, గణితము తప్పలేదు. గాని ప్రళయము రాలేదు. ఫిబ్రవరి 6 ఉదయమున సూర్యుడు యథాప్రకారము ఉదయించెను. ఆకాశపు గురుతులకు అన్యజనులు దిగులుపడినను మీరు దిగులుపడకుడని యిర్మీయా చెప్పిన బోధకు ఇంతకంటె తేట వ్యాఖ్యానము అక్కరలేదు.

6. మన సంఘములలో

ఇది అన్యులను గూర్చిన పాఠమైనయెడల ఇంతటితో ముగింపవచ్చును. గాని ఇది మన ఇంటి మాట. మాకు తెలిసిన రెండు విశ్వాసుల కుటుంబములలో పెండ్లి నిశ్చయమై, మూడు ఆదివారములు ప్రకటన చేయవలసియుండెను. వరుని మేనమామ ఎవరికిని చెప్పక పిల్ల పుట్టిన దినమును, వేళను పట్టణమునకు తీసికొనిపోయి చూపించెను. మూలా నక్షత్రమని, మామగారికి కీడని చెప్పిరి. మరుసటి వారము ఏదో వంకతో సంబంధము తప్పిపోయెను. పిల్ల తల్లి మా యొద్దకు వచ్చి, "అయ్యగారండీ, మా పిల్లేటి సేసిందండీ?" అని ఏడ్చెను.

ఈ ప్రశ్నకు ఆ మేనమామ ఉత్తరమియ్యలేడు. ఆదివారము బల్లయొద్ద చేయి చాపుచు, సోమవారము చీటికొరకు చేయి చాపుచున్న మనమును ఇయ్యలేము. గాని లేఖనము ఇచ్చును. 139వ కీర్తనలో దావీదు తల్లిగర్భమందలి తన దినములు ఒక గ్రంథమున వ్రాయబడెనని చెప్పెను. ఆ గ్రంథము పంచాంగము కాదు, దేవునిది. ఆ బిడ్డ మూలలో పుట్టలేదు. దేవుని చేతిలో పుట్టినది. ఆమెను తిరస్కరించినవారు నక్షత్రమును కాదు, ఆ చేతిని తిరస్కరించిరి. పెండ్లి తేదీ నిర్ణయించునప్పుడు మన పెద్దలు చూడవలసినవి కోతలు అయినవా, బంధువులు రాగలరా, అప్పు లేకుండ జరుగునా అనునవే.

మరియొక సంగతి చెప్పుట మాకు సులువు కాదు. క్రొత్త సంవత్సరపు రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డులు తీయు అలవాటు మనలో బలపడినది. దేవుని వాగ్దానములు సత్యము. వాటిని మేమును ఇత్తుము. గాని తనకు వచ్చిన కార్డు నచ్చక మరల ఇంకొకటి తీయువారిని, ఏడాదికి అదియే తన జాతకమని గోడకు అంటించి వేదమును మూసివేయువారిని చూచుచున్నాము. తూనిక యంత్రముమీద రెండవ నాణెము వేసినవానికిని మనకును భేదమేమి? చెట్టుక్రింది చిలుకను మాని, వేదమును చిలుకగా చేసికొంటిమా? దేవుని చీటిమీదను రెండు మాటలున్నవి. తీపిమాటను చదివి బరువును చదువనివాడు సగము చీటినే చదివెను. చేతి ఫోనులో దినఫలములు చూచువానికిని, అందులోనే దినవాగ్దానమును చూచి తృప్తిపడి ప్రార్థన మానినవానికిని ఇదే మాట.

7. తక్కువైన తూకమునకు నింపుదల

బరువు చదువుడని చెప్పితిమి. చదివిన పిమ్మట మన గతి ఏమి? త్రాసులో మనుష్యులందరును ఊపిరికంటె తేలికయని 62వ కీర్తన పలుకును. బెల్షస్సరు ఒక్కడే కాదు. మనమందరము తక్కువగా కనబడినవారమే. ఇక్కడనే సువార్త జాతకమునకును వేరు, ఉత్త తీర్పునకును వేరు. జాతకము మన తక్కువను దాచి పొగడును. ఉత్త తీర్పు తక్కువను చూపి విడుచును. క్రీస్తు ఆ తక్కువను తానే నింపెను. ఆయన నీతి మనకు లెక్కింపబడినందున తట్ట నిలిచినది. మన పుణ్యమువలన కాదు, పుట్టిన ఘడియవలన కాదు.

అట్లు నిలువబడినవాడు రేపటిని గూర్చి ఏమి ఎరుగును? నిజము చెప్పవలెనన్న, తక్కినవారికంటె ఎక్కువేమియు ఎరుగడు. పని దొరకునో లేదో, వాన వచ్చునో రాదో అతనికిని తెలియదు. ప్రభువు పిచ్చుకలను, అడవిపువ్వులను చూపెనే గాని రేపు జరుగువాటి పట్టిక ఇయ్యలేదు. తండ్రి ఎరుగునని మాత్రము చెప్పెను. బండిలో తండ్రి ఒడిలో నిదురించు బిడ్డకు తరువాతి స్టేషను పేరు తెలియదు. తెలియక పోయినను నిదురించును. తన కాలములన్నియు దేవుని చేతిలోనివని దావీదు ఒప్పుకొనినది శత్రువులు తరుముచుండగనే. ఆ మాటను ఈ నెల కంఠస్థము చేయుదము. వలసపోవు మన బిడ్డల చేతికి ప్రయాణపు ఖర్చుతోబాటు దానిని ఇచ్చి పంపుదము.

గృహకూటములలో ఆలోచించుటకు

1. బెల్షస్సరు జ్యోతిష్యులకు చూపిన బహుమానములు ఏవి? దానియేలు వాటిని ఎందుకు వలదనెను?
2. మన ఇంటిలో వర్జ్యము, రాహుకాలము చూచి ఆపిన పనులున్నవా? దాని వెనుకనున్న భయము ఏది? దానిని ప్రార్థనలో పేరుపెట్టి చెప్పుదుమా?
3. నక్షత్రము పేర తిరస్కరింపబడిన ఆడపిల్లకు మన సంఘము ఏ విధముగా ఆదరణ కావలెను?
4. ఈ సంవత్సరము మనకు వచ్చిన వాగ్దానము ఏ అధ్యాయమునుండి తీయబడెను? ఆ అధ్యాయమంతయు చదివితిమా?

ప్రార్థన

మా ఊపిరిని నీ చేతిలో ఉంచుకొనిన తండ్రీ, మేము తక్కువైనవారమని ఎరిగియు నీ కుమారునియందు మమ్మును చేర్చుకొంటివి. రేపటి భయమును నీ యొద్దకే తెచ్చుటకు మాకు నేర్పుము. దూరమున పనిచేయుచున్న మా వారిని కాపాడుము. అన్యాయముగా త్రోసివేయబడిన మా కుమార్తెలను లేవనెత్తుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.